పండగ సీజన్‌కి బుడగల వైన్: మీ ప్రశ్నలు, నా జవాబులు

థాంక్స్‌గివింగ్ అయిన మర్నాటి నుంచి న్యూ ఇయర్ దాకా మా షాపుకొచ్చే వాళ్ళు అడిగేది ఒక్కటే, "మంచి షాంపేన్ ఏదుంది" అని. ఈ నెల మీ ఉత్తరాల్లో కూడా సగానికి పైగా అదే అడిగారు, అందుకని శీర్షిక మొత్తం బుడగల వైన్లకే ఇచ్చేస్తున్నా. కాలిఫోర్నియాలో వైన్ షాపులో పద్నాలుగేళ్ళ నుంచి పని చేస్తున్నా, మన ఇళ్ళల్లో డిసెంబర్లో ఏం వండుతారో, ఎంతమంది వస్తారో కూడా నాకు తెలుసు, రెండూ కలిపే చెప్తా. ధరలన్నీ అమెరికావి, ఊరిని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి.

అక్కా, న్యూ ఇయర్‌కి మా ఇంట్లో పదహారు మందిమి కలుస్తున్నాం. బడ్జెట్ 150 డాలర్లు. మావారేమో షాంపేనే కొనాలి, వేరేవి పెడితే చవగ్గా ఉంటుంది అంటున్నారు. షాపులో చూస్తే ప్రొసెక్కో, కావా, క్రెమాంట్ అని ఏవేవో ఉన్నాయి. అన్నీ ఒకటేనా? ఎన్ని కొనాలి? (ఎడిసన్, న్యూజెర్సీ)

ముందు లెక్క చూద్దాం అమ్మా. మామూలు సీసా 750 మిల్లీలీటర్లు, గ్లాసుకి 120, 125 పోస్తే ఆరు గ్లాసులు వస్తాయి. పన్నెండు గంటలకి తలా ఒక గ్లాసు చాలు అనుకుంటే మూడు సీసాలు సరిపోతాయి, సాయంత్రం నుంచీ తలా రెండు గ్లాసులు తాగుతారు అనుకుంటే ఆరు కావాలి. షాంపేన్ మొదలయ్యేదే 45, 50 దగ్గర కాబట్టి మీ డబ్బుకి మూడు వస్తాయి, అదే క్రెమాంట్ అయితే 20, 22 డాలర్లకి దొరుకుతుంది, ఆరు సీసాలు వస్తాయి.

ఇక అన్నీ ఒకటేనా అంటే, కాదు. షాంపేన్ అనేది ఒక ప్రాంతం పేరు. ఫ్రాన్స్‌లో పారిస్‌కి తూర్పుగా రీమ్స్, ఎపర్నే అనే ఊళ్ళ చుట్టూ ఉన్న సుద్దరాయి నేల అది, అక్కడ పండిన ద్రాక్షతో అక్కడ చేస్తేనే ఆ పేరు, మన బందరు లడ్డు, ఆత్రేయపురం పూతరేకులు అన్నట్టు. ఎక్కువగా షార్డొనే, పీనో న్వార్, మ్యూనియే అనే మూడు రకాల ద్రాక్షే వాడతారు. ముందు మామూలు వైన్ తయారు చేసి సీసాలో పోసి, కాస్త చక్కెర, కాస్త ఈస్ట్ వేసి మూత బిగిస్తారు, లోపల మళ్ళీ పులుస్తుంది, వచ్చిన గ్యాస్ బయటకి పోయే దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది, అదే మనకి కనపడే బుడగ. ఆ చచ్చిన ఈస్ట్ మీదే సీసాని నెలల తరబడి పడుకోబెట్టి ఉంచుతారు, అప్పుడొస్తుంది దానికి కాల్చిన బ్రెడ్ వాసన, బాదం వాసన. ద్రాక్ష కోసిన సంవత్సరం సీసా మీద వేయని మామూలు షాంపేన్‌ని కనీసం 15 నెలలు సీసాలో ఉంచాలని రూలు, సంవత్సరం వేసినవైతే మూడేళ్ళు.

ఇప్పుడు మీవారికి చెప్పాల్సిన మాట ఇది. స్పెయిన్‌లో చేసే కావా కూడా అచ్చం అదే పద్ధతిలో సీసాలోనే పులుస్తుంది, అక్కడి ద్రాక్ష వేరు అంతే, కనీసం 9 నెలలు ఉంచుతారు, రిజర్వా అని రాసి ఉంటే 18 నెలలు, గ్రాన్ రిజర్వా అంటే 30 నెలలు, అంటే మామూలు షాంపేన్‌కి పెట్టిన కనీసం కంటే రెట్టింపన్నమాట, అయినా చాలాచోట్ల పాతిక, ముప్పై డాలర్లకే వస్తుంది. క్రెమాంట్ అంటే ఫ్రాన్స్‌లోనే షాంపేన్ బయట, అల్సాస్, బర్గండీ, ల్వార్ లాంటి చోట్ల అదే పద్ధతిలో చేసేది. ఇటలీ ప్రొసెక్కో మాత్రం వేరే దారి, దాని రెండోసారి పులియడం సీసాలో కాకుండా పెద్ద స్టీల్ ట్యాంకులో జరుగుతుంది, త్వరగా అయిపోతుంది, అందుకే చవక. బేరిపండు, ఆపిల్ వాసనతో తేలిగ్గా ఉంటుంది, అది లోపం కాదు, దాని స్వభావమే అంత.

నేనైతే మీ డబ్బుతో ఒక షాంపేన్, నాలుగో అయిదో కావా రిజర్వా లేదా క్రెమాంట్ తీసుకుంటా. ఆ షాంపేన్‌ని పన్నెండింటికి తీయొద్దు. అప్పటికి అందరూ బిర్యానీ తిని, కేకు తిని, ఫోన్లలో విషెస్ పెట్టుకుంటూ ఉంటారు, గ్లాసులో ఏముందో ఎవరికీ పట్టదు, యాభై డాలర్ల సీసా అలా పోవడం చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. ఏడున్నరకి ముందొచ్చిన నలుగురూ కూర్చున్నప్పుడు, నాలుక ఇంకా శుభ్రంగా ఉన్నప్పుడు తీయండి. పన్నెండింటికి కావా తీస్తే ఒక్కళ్ళు కూడా తక్కువైంది అనరు.

నాకు తీపి వైన్ పడదని ఎక్స్‌ట్రా డ్రై అని రాసి ఉన్న ప్రొసెక్కో ఏరి కొన్నాను. తాగితే తియ్యగా ఉంది. షాపువాడు మోసం చేశాడా, సీసా పాడయిందా? (డల్లస్)

షాపువాడి తప్పేం లేదు తమ్ముడూ, సీసా కూడా బాగానే ఉంది, వైన్‌లో డ్రై అంటే తీపి లేనిది అనే కదా, ఆ మాటే మోసం చేసింది. ప్రతి డిసెంబర్లో మా షాపుకి ఇదే ఫిర్యాదుతో తిరిగొచ్చే వాళ్ళు ఉంటారు, సీసా మీద బ్రాండ్ పేరు ఒక్కటీ చదివి ఈ చిన్న మాట వదిలేస్తారు, నాకైతే కొనేటప్పుడు చూడాల్సిన మొదటి మాట ఇదే.

లీటరుకి ఎంత చక్కెర మిగిలిందో దాన్ని బట్టి పేరు పెడతారు. బ్రూట్ నేచర్ అంటే 3 గ్రాముల లోపు, అసలు చక్కెర కలపరు. ఎక్స్‌ట్రా బ్రూట్ 6 లోపు. బ్రూట్ 12 లోపు, షాపులో ఎక్కువ కనపడేది ఇదే. తర్వాత వస్తుంది తిరకాసు: ఎక్స్‌ట్రా డ్రై అంటే 12 నుంచి 17, అంటే బ్రూట్ కంటే తీపి! ఉత్త డ్రై అన్నా సెక్ అన్నా 17 నుంచి 32, ఇంకా తీపి. డెమీ సెక్ 32 నుంచి 50, ఆ పైన డూ. మీకు తీపి పడదు కాబట్టి బ్రూట్ గానీ ఎక్స్‌ట్రా బ్రూట్ గానీ తీసుకోండి, డ్రై అన్న మాట కనపడితే పక్కన పెట్టేయండి.

ఇలా తలకిందులుగా ఎందుకుంది అంటే, 1800ల్లో షాంపేన్ అంటేనే పాయసంలా తియ్యగా ఉండేది, రష్యా వాళ్ళయితే మరీ తీపి తాగేవాళ్ళు. వాటితో పోలిస్తే తక్కువ తీపి ఉన్నదానికి డ్రై అని పేరు పెట్టారు, ఇంకా తగ్గితే ఎక్స్‌ట్రా డ్రై అన్నారు, ఆ తర్వాత ఇంగ్లండ్ వాళ్ళు ఇంకా తీపి తగ్గించమంటే కొత్త మాట కావాల్సొచ్చి బ్రూట్ వచ్చింది. 1874లో లూయిజ్ పొమ్మెరీ అనే ఆవిడ అలాంటి తీపి లేని షాంపేన్‌ని ఇంగ్లండ్ వాళ్ళ కోసం ధైర్యంగా తెచ్చింది.

ఆవిడ గురించి రాస్తుంటే ఇంకో ఆవిడ గురించి చెప్పకుండా ఉండలేను. మీరు షాపుల్లో పసుపు లేబుల్‌తో వవ్ క్లికో అని చూసే ఉంటారు. వవ్ అంటే ఫ్రెంచిలో భర్త పోయిన ఆవిడ అని అర్థం. బార్బ్ నికోల్ క్లికోకి 1805లో భర్త పోయేసరికి 27 ఏళ్ళు, చేతిలో చిన్న పాప. ఆ వ్యాపారాన్ని తనే నడిపింది. సీసా అడుగున ఈస్ట్ మడ్డి మిగిలిపోయి వైన్ మసకగా ఉండేది కదా, చిల్లులు పెట్టిన బల్లలో సీసాల్ని తలకిందులుగా గుచ్చి రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ మడ్డిని మూతి దగ్గరకి దింపే పద్ధతి ఆవిడ సెల్లార్లోనే మొదలైంది, 1816 ప్రాంతంలో. ఇవాళ మన గ్లాసులో వైన్ అద్దంలా మెరుస్తోందంటే అందులో ఆవిడ చెయ్యి ఉంది. పొమ్మెరీ కూడా భర్త పోయాకే వ్యాపారం చేతికి తీసుకుంది. క్లికో అయితే భర్త పోయాడన్న మాటనే పేరుగా సీసా మీద వేసుకుని ప్రపంచమంతా అమ్మింది చూడండి, నాకు ఆ పసుపు లేబుల్ చూసినప్పుడల్లా మా నాయనమ్మ గుర్తొస్తుంది, ముప్పై ఏళ్ళకే తాతయ్య పోతే పదెకరాలు ఒంటి చేత్తో చేయించింది.

క్రిస్మస్ సెలవలకి పాట్‌లక్ పెట్టుకున్నాం అక్కా. దమ్ బిర్యానీ, మిరపకాయ బజ్జీలు, గోంగూర మటన్, రొయ్యల వేపుడు, చివర్లో అరిసెలు. వీటికి ఏ స్పార్క్‌లింగ్ వైన్ పెట్టాలి? అసలు మన కారానికి వైన్ సరిపోతుందా? (ఫ్రీమాంట్)

ఎంత మంచి ప్రశ్న అడిగారో! సరిపోతుంది, కానీ అన్నిటికీ ఒకటే సీసా అంటే కుదరదు.

మీ లిస్టులో బుడగల వైన్‌కి పుట్టిన జోడీ వేపుళ్ళే. నూనెలో వేగినవాటికి, ఉప్పగా కరకరలాడే వాటికి ఈ వైన్‌లో ఉన్న పులుపు, బుడగ రెండూ కలిసి నోట్లో నూనె కడిగేసినట్టు చేస్తాయి, తర్వాతి ముద్ద మళ్ళీ మొదటి ముద్దలాగే ఉంటుంది. రొయ్యల వేపుడు, చేప వేపుడు, గారెలు, పకోడీ, ఆఖరికి జంతికలు, చేగోడీలకి కూడా కావా బ్రూట్ పెట్టండి. ఆదివారం పొద్దున పెసరట్టుతో నేను చల్లటి కావా తాగాను ఒకసారి, అల్లం పచ్చడి పక్కన పెట్టుకుని, ఇప్పటికీ ఆ రుచి మర్చిపోలేదు.

మిరపకాయ బజ్జీ దగ్గర మాత్రం ఆగాలి. కారం తిన్న నోటికి ఆల్కహాల్ తగిలినా, గ్యాస్ తగిలినా మంట పెరుగుతుంది, కూల్‌డ్రింక్ తాగితే బుస్సుమని మండుతుంది చూడండి, అదే. పైగా బ్రూట్ లాంటి తీపి లేని వైన్ కారం మీద చేదుగా, పదునుగా తగులుతుంది. కారానికి కాస్త తీపి కావాలి. ఇందాక డల్లస్ తమ్ముడు వద్దన్న ఎక్స్‌ట్రా డ్రై ప్రొసెక్కో ఉందే, అదే ఇక్కడ పనికొస్తుంది. ఆ 12, 17 గ్రాముల తీపి విడిగా తాగితే తెలుస్తుంది కానీ బజ్జీ కొరికాక తాగితే తీపి అనిపించదు, మంటని చల్లారుస్తుంది, అంతే. గోంగూర మటన్‌కి కూడా ఇదే పెట్టండి. గోంగూర పులుపుకి పులుపు లేని రెడ్ వైన్లు చప్పబడిపోతాయి, బుడగల వైన్లన్నిట్లో పులుపు ఉంటుంది కాబట్టి అవి నిలబడతాయి.

బిర్యానీకి నా ఓటు రోజే బ్రూట్‌కి, గులాబీ రంగులో ఉండేది. పీనో న్వార్ లాంటి నల్ల ద్రాక్ష వల్ల దానికి కొంచెం ఒళ్ళు ఉంటుంది, మాంసానికి, మసాలాకి, వేయించిన ఉల్లిపాయకి తట్టుకుంటుంది. కాలిఫోర్నియాలో ఉన్నారు కదా, మెండొసీనో దగ్గర ఆండర్సన్ వ్యాలీలో రోడరర్ ఎస్టేట్ వాళ్ళు చేసే రోజే చూడండి, షాంపేన్‌లో ఉన్న రోడరర్ వాళ్ళదే ఇదీ. డబ్బు తక్కువైతే న్యూ మెక్సికోలో గ్రూయే అని ఉంది, షాంపేన్ నుంచి వచ్చిన కుటుంబం 1980ల్లో ఆ ఎడారిలో తోట వేసింది, ఇరవై డాలర్ల చుట్టుపక్కల అంత శ్రద్ధగా చేసింది నాకు ఇంకోటి కనపడలేదు.

అరిసెలకి మళ్ళీ వేరే. తీపితో తాగే వైన్ ఆ తీపి కంటే తియ్యగా ఉండాలి, లేకపోతే వైన్ చింతపండు నీళ్ళలా అయిపోతుంది. బ్రూట్ తాగుతూ అరిసె తినడం రెండిటికీ అన్యాయం. మొస్కాతో దాస్తి అని ఇటలీ పీడ్‌మాంట్ నుంచి వస్తుంది, ఆల్కహాల్ 5 శాతం చుట్టూ ఉంటుంది, బుడగ మెత్తగా ఉంటుంది, పీచ్ పండు, నారింజ పువ్వు వాసన, 15 డాలర్లకి దొరుకుతుంది. నువ్వులద్దిన బెల్లం అరిసె పక్కన దాన్ని పెడితే మీ ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఇంకొంచెం పొయ్యమంటారు. ఆవకాయ ముద్దకి మాత్రం ఏ వైనూ వద్దు, పెరుగన్నమే.

పెళ్ళికి ఎవరో ఇచ్చిన మంచి షాంపేన్ సీసా తొమ్మిదేళ్ళుగా కిచెన్‌లో ఫ్రిజ్ పైన కేబినెట్‌లో దాచాను, పదో పెళ్ళిరోజుకి తీద్దామని. సీసా మీద సంవత్సరం ఏమీ లేదు. బాగుంటుందా? (సియాటిల్)

బాధపడకండి కానీ ఉన్నమాట చెప్తా, చాలా మటుకు పోయే ఉంటుంది. సంవత్సరం లేనివి షాపుకి వచ్చేసరికే తాగడానికి తయారుగా ఉంటాయి, మూడు నాలుగేళ్ళలో తాగేయాలి. పైగా ఫ్రిజ్ పైన కేబినెట్ అంటే ఇంట్లో అన్నిటికంటే వేడి చోటు. తాగితే ప్రమాదం ఏమీ లేదు, బుడగ తగ్గి, రంగు ముదిరి, ఎండిన పళ్ళ వాసన వస్తుంది, కొందరికి అది నచ్చుతుంది కూడా. పదో పెళ్ళిరోజు దాకా ఆగొద్దు, ఈ డిసెంబర్లోనే ఇద్దరూ కూర్చుని తీయండి, పక్కన ఇంకో సీసా చల్లగా పెట్టుకోండి. ఇకముందు దాచాలంటే చీకటి, చల్లటి చోటు, సంవత్సరం వేసిన సీసా.

సీసా తీయాలంటే నాకు చాలా భయం. పోయినేడు మా బావగారు తీస్తే బిరడా ఎగిరి సీలింగ్‌కి తగిలింది, సగం వైన్ కార్పెట్ మీద పోయింది. సరిగ్గా ఎలా తీయాలి? (నేపర్‌విల్, షికాగో దగ్గర)

భయపడటమే మంచిదమ్మా, ఆ భయం అందరికీ ఉండాలి. ఆ సీసా లోపల 5, 6 అట్మాస్ఫియర్ల ప్రెషర్ ఉంటుంది, అంటే మీ కారు టైర్లో ఉండేదానికి దాదాపు రెండున్నర, మూడు రెట్లు. మా చుట్టాల ఇంట్లో ఒక పార్టీలో అలా ఎగిరిన బిరడా ఒక కుర్రాడికి కనుబొమ్మ మీద తగిలి కుట్లు పడ్డాయి, అర అంగుళం కిందకి తగిలుంటే కన్ను పోయేది. అప్పటి నుంచి నేనున్న చోట ఎవరన్నా సీసా ఊపితే చేతిలోంచి లాక్కుంటా, మొహమాటం లేదు.

సగం పని చల్లదనమే చేస్తుంది. చల్లటి వైన్ గ్యాస్‌ని తనలో పట్టి ఉంచుకుంటుంది, వెచ్చనైతే వదిలేస్తుంది, మీ బావగారి సీసా సరిగ్గా చల్లబడి ఉండదు, లేదా కారులోంచి తెచ్చి వెంటనే తీసుంటారు. ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు పెట్టండి, అంత టైం లేకపోతే బకెట్లో సగం ఐసు సగం నీళ్ళు పోసి అరగంట ముంచండి, ఒట్టి ఐసు కంటే నీళ్ళు కలిపిన ఐసులోనే త్వరగా చల్లబడుతుంది. ఫ్రీజర్లో పెట్టి మర్చిపోయారంటే సీసా పగిలిపోతుంది, జాగ్రత్త.

తీసేటప్పుడు పైన రేకు ఒలిచేసి, బొటనవేలు బిరడా మీద పెట్టి, తీగ చుట్టని విప్పండి, ఆరు సగం చుట్లు తిప్పితే వదులవుతుంది. తీగ వదులైన క్షణం నుంచి బిరడా మీద చెయ్యి తీయకూడదు, ఫోన్ మోగినా సరే. తీగని తీసేయక్కర్లేదు, దాంతో సహా పట్టుకుంటే ఇంకా పట్టు దొరుకుతుంది, పైన ఒక బట్ట వేసుకోండి. సీసాని కాస్త ఏటవాలుగా, ఎవరూ లేని వైపు, దీపాలు లేని వైపు వంచి, బిరడాని కదలకుండా గట్టిగా పట్టుకుని కింద రెండో చేత్తో సీసాని తిప్పండి, బిరడాని కాదు సీసాని. అది తనంతట తనే పైకి తోసుకొస్తుంది, మీరు వెనక్కి నొక్కి పట్టి మెల్లగా రానివ్వాలి. టప్ మని పేలకూడదు, నిట్టూర్చినట్టు చిన్న శబ్దం రావాలి. పోసేటప్పుడు ముందు రెండు వేళ్ళంత పోసి నురగ దిగాక మిగతాది పోయండి, కార్పెట్ మీద ఒక్క చుక్క పడదు.

సంక్రాంతికి విజయవాడ వెళ్తున్నాం. మా మామయ్యగారికి రెండు సీసాలు తీసుకెళ్ళొచ్చా? విమానంలో పేలతాయా? అక్కడ మన దేశంలో చేసినవి మంచివి ఉన్నాయా? (హ్యూస్టన్)

పేలవండి, చెకిన్ లగేజీ పెట్టే చోట కూడా ప్రెషర్ ఉంటుంది. ప్యాంటులోనో చీరలోనో బాగా చుట్టి పెట్టె మధ్యలో పెట్టండి, చేతి బ్యాగ్‌లో మాత్రం రానివ్వరు. ఇండియాలో దిగేటప్పుడు మనిషికి 2 లీటర్ల దాకా డ్యూటీ లేదు, రెండు సీసాలు లీటరున్నర కాబట్టి ఇబ్బంది లేదు.

అక్కడ దొరికేవి కూడా చిన్నచూపు చూడొద్దు. నాసిక్ దగ్గర దిండోరిలో షాండన్ వాళ్ళు 2013 నుంచి సీసాలో పులిసే పద్ధతిలోనే చేస్తున్నారు, షెనిన్ బ్లాంక్, షార్డొనే, పీనో న్వార్ కలిపి. సూలా వాళ్ళవి ఉన్నాయి, ఆ సూలా పెట్టిన రాజీవ్ సామంత్ ఇక్కడే బే ఏరియాలో ఒరాకిల్‌లో ఉద్యోగం వదిలేసి నాసిక్ వెళ్ళి ద్రాక్ష వేసినాయన. మామయ్యగారికి ఇక్కడి సీసా ఒకటి, నాసిక్ సీసా ఒకటి పక్కపక్కన పోసి పెట్టండి, ఆయనే చెప్తారు ఏది బాగుందో.

మా మేనేజర్ వైన్ బాగా తెలిసినావిడ. 60, 70 డాలర్లలో గిఫ్ట్ ఇవ్వాలి. అందరూ ఇచ్చే పెద్ద బ్రాండ్ కాకుండా ఏదైనా చెప్పండి. (షార్లెట్)

రైతు షాంపేన్ ఇవ్వండి. పెద్ద కంపెనీలు ఎక్కువగా వందల మంది రైతుల దగ్గర ద్రాక్ష కొని కలిపి, ఏటా ఒకే రుచి వచ్చేలా చేస్తాయి, అదీ గొప్ప విద్యే, కాదనను. కానీ కొంతమంది రైతులు తమ తోటలో పండించి తామే వైన్ చేసి తమ పేరుతో అమ్ముకుంటారు. గుర్తుపట్టడం తేలిక, లేబుల్ మీద ఎక్కడో మూల చాలా చిన్న అక్షరాల్లో ఆర్ ఎం అని ఉండి పక్కన ఒక నంబర్ ఉంటుంది, కంపెనీలవైతే ఎన్ ఎం అని, సహకార సంఘానివైతే సి ఎం అని ఉంటుంది. ఫోన్ టార్చ్ వేసి చూడాల్సొస్తుంది, అయినా చూడండి. అవీజ్, మెనీల్, బూజీ, ఆయీ లాంటి గ్రాండ్ క్రూ, అంటే అన్నిటికంటే పై హోదా ఉన్న ఊరి పేరు ఉంటే ఇంకా సంతోషిస్తారు, అక్కడ మొత్తం 17 ఊళ్ళకే ఆ హోదా ఉంది. బ్లాంక్ ద బ్లాంక్ అని ఉంటే తెల్ల ద్రాక్షతోనే చేసింది, సన్నగా, నిమ్మకాయ పదునుతో ఉంటుంది, బ్లాంక్ ద న్వార్ అంటే నల్ల ద్రాక్షది, నిండుగా ఉంటుంది.

అమెరికాదే ఇవ్వాలనుకుంటే నాపాలో ష్రామ్స్‌బర్గ్ బ్లాంక్ ద బ్లాంక్. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్ వెళ్ళినప్పుడు చైనా ప్రధాని చౌ ఎన్‌లైతో గ్లాసు ఎత్తింది దాంతోనే. గిఫ్ట్ కార్డు మీద ఆ ఒక్క ముక్క రాస్తే చాలు. ఒక్క జాగ్రత్త, కొన్ని చవక సీసాల మీద కాలిఫోర్నియా షాంపేన్ అని కనపడుతుంది, 2006లో యూరప్‌తో ఒప్పందం అయ్యేటప్పటికే ఆ పేరు వాడుతున్న వాళ్ళకి వదిలేశారు అంతే, వైన్ తెలిసినావిడకి అది ఇవ్వొద్దు.

మిగిలిపోయిన సీసాలో స్టీల్ స్పూన్ వేలాడదీస్తే గ్యాస్ పోదంటారు, నిజమేనా? (టాంపా)

కాదు. ఫ్రిజ్ చల్లదనం వల్ల నిలుస్తుంది, స్పూన్ వల్ల కాదు. స్పార్క్‌లింగ్ వైన్ కోసమే బిగించే మూత పది డాలర్లకి దొరుకుతుంది, అది పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు బాగుంటుంది.

మా కోడలికి ఇప్పుడు ఆరో నెల. నేను ఎప్పుడూ తాగను, మా చెల్లెలి పిల్లలు చిన్నవాళ్ళు. న్యూ ఇయర్‌కి అందరూ గ్లాసులెత్తుతుంటే మేం మంచినీళ్ళ గ్లాసులతో పక్కన నిలబడతాం. కోడలితో "ఒక్క గుక్క ఏం కాదు" అంటున్నారు చుట్టాలు. (కొలంబస్, ఒహాయో)

ఒక్క గుక్క కూడా వద్దమ్మా, కడుపుతో ఉన్నప్పుడు ఇంత తాగితే ఫర్వాలేదు అని చెప్పగలిగే లెక్క ఏదీ లేదు. బలవంతపెట్టే వాళ్ళకి మీరే పెద్దరికంగా గట్టిగా చెప్పండి, ఆ పిల్ల చెప్పలేకపోవచ్చు. ఆ రాత్రి కారు నడపాల్సిన వాళ్ళకి కూడా ఇదే, వాళ్ళ గ్లాసులో వైన్ పోయకండి.

మీకోసం మార్టినెల్లీస్ స్పార్క్‌లింగ్ సైడర్ తెప్పించండి, మా కాలిఫోర్నియా వాట్సన్‌విల్‌లో 1868 నుంచి ఉన్న కంపెనీ, ఒట్టి ఆపిల్ రసం, ఆల్కహాల్ ఉండదు, ఏ గ్రోసరీ షాపులోనైనా అయిదు డాలర్ల లోపు దొరుకుతుంది. మరీ తీపి వద్దనుకుంటే ఆల్కహాల్ తీసేసిన స్పార్క్‌లింగ్ వైన్లు ఇప్పుడు బాగానే వస్తున్నాయి, కాకపోతే వాటిల్లో అర శాతం దాకా మిగిలి ఉండొచ్చు కాబట్టి కోడలికి మాత్రం సైడరే. లేదంటే దానిమ్మ రసం రెండు వంతులు, సోడా ఒక వంతు, నాలుగు చుక్కలు నిమ్మరసం, రంగు కూడా రోజే షాంపేన్ లాగే ఉంటుంది. వైన్‌లాగే దాన్నీ బాగా చల్లబరచండి. ప్లాస్టిక్ కప్పుల్లో మాత్రం పోయకండి, మిగతా వాళ్ళకి పెట్టిన పొడుగు గ్లాసుల్లోనే పోసి, ముందు మీ కోడలికి ఇచ్చి, ఆ తర్వాత మిగతావాళ్ళకి పంచండి.